నునుపు మేస్త్రి కట్టిన మంచె

ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడు. ఊరంతటికీ ఆయన నునుపు మేస్త్రి. చేసేది వెల్డింగ్ పని. రెండు ఇనుపముక్కల్ని అతకడం చాలామందికి వచ్చు. అతికాక ఆ అతుకు మీద గ్రైండరు పెట్టి, తర్వాత ఎమరీ పేపరు పెట్టి, చివరికి ఉత్త అరచెయ్యి పెట్టి, అది ఎక్కడుందో అతికినవాడికే తెలియనంతగా అరగదీయడం మాత్రం ఈయనొక్కడికే పట్టిన పిచ్చి. గేటు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళని షాపు ముందు నిలబెట్టి, "కళ్ళు మూసుకుని వేలితో తడమండి. అతుకు తగిలిందా, గేటు ఉత్తినే పట్టుకుపోండి" అంటాడు. కొందరు గోరుతో గీకి మరీ చూశారు గానీ, ఉత్తినే పట్టుకుపోయినవాడు ఇంతవరకూ లేడు.

పని ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్ళూ లేకపోలేదు. "మా బావ చేతికి గేదెనిచ్చి చూడండి, కొమ్ములు కూడా నున్నగా చేసి పంపిస్తాడు" అని సొంత బామ్మర్దే అంటాడు. ఈ బామ్మర్ది మేస్త్రి భార్యకి తమ్ముడు, షాపులో ఇనుము కోసే పని అతనిది. మనిషి భారీ, నోరు అంతకన్నా భారీ. ఎవరేమన్నా, ఆస్పత్రి మెట్ల పక్క కమ్మీలు, బడి గేటు, నీళ్ళట్యాంకు నిచ్చెన, బస్టాండు బెంచీలు, ఇలా ఊళ్ళో జనం చెయ్యి వేసే ఇనుములో సగం మేస్త్రి చేతుల్లోంచి వచ్చిందే. వీధిలో నడుస్తూ వాటిని ఓసారి నిమిరి పోవడం ఆయనకి అలవాటు. ఎవరైనా చూశారంటే ఆ చెయ్యి చటుక్కున జేబులోకి పోతుంది.

రంగు దగ్గరా ఇదే చాదస్తం. ముందు ఎర్రమట్టిలా ఉండే ప్రైమరు, దాని మీద రెండు పూతలు మెరుపురంగు. ఉత్త ప్రైమరుతో వస్తువుని బయటికి పంపడమంటే, మనిషిని బనీనుతో ఆఫీసుకి పంపినట్టని ఆయన లెక్క. కట్టిచ్చిన తర్వాత కూడా ఊరుకోడు. అటుగా వెళ్ళినప్పుడు సంచిలోంచి కిరోసిన్ గుడ్డ తీసి, దుమ్మూ ధూళీ తుడిచి, మెరిసిందాకా రుద్ది వస్తాడు. ఆయన ఇనుము మీద ఈగ వాలినా ఆయనకి మనసులో గుచ్చుకున్నట్టే ఉంటుంది.

ఇంట్లో ముందుగది భార్యది. ఆవిడ టైలరు. బడిపిల్లల యూనిఫాంలూ పరదాలూ చొక్కాలూ కుడుతుంది. ఆ గదిలో ఎప్పుడు చూసినా గుడ్డముక్కలు మోకాలెత్తున ఉంటాయి, ఒక గోడకి మాత్రం రంగురంగుల దారపు ఉండలు ముదురు రంగు నుంచి లేత రంగు దాకా వరసగా వేలాడతాయి. ఏ గుడ్డకి ఏ దారమో ఆవిడ కళ్ళతోనే తేల్చేస్తుంది. ఇక ఆవిడకి ఉన్న పిచ్చి ఒక్కటే, ఊరి చివర రిజర్వాయరు.

కొండలు దిగివచ్చి నేలని తాకే చోట ఉంటుంది ఆ రిజర్వాయరు. ఆదివారమైతే జనమే జనం. కట్ట మీద సైకిళ్ళు, చెట్ల కింద టిఫిను గిన్నెలు, పడవల రేవు దగ్గర లైఫ్ జాకెట్ల కోసం తోపులాట, నీళ్ళలో హంసల ఆకారంలో ఉన్న తొక్కుడు పడవలు. టైలరమ్మకి ఈ సంతతో పని లేదు. కట్ట దాటి, అడవి అంచున కాలిబాట పట్టి, నీళ్ళు రెండు కొండల మధ్యకి చొచ్చుకుపోయిన మూలకి వెళ్ళేది. దాన్ని వెనకపాయ అంటారు. సాయంత్రానికి అక్కడికి దుప్పులు నీళ్ళకి దిగుతాయి. ఎండిన చెట్ల మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుని కూచుంటాయి. అన్నిటికన్నా ఆవిడకి ప్రాణం నీటికుక్కలు. ఒళ్ళంతా తడిబొచ్చు, మీసాలు, చేపకి మించిన ఈత. కుటుంబమంతా కలిసి వచ్చి, ఒడ్డున దొర్లి, ఒకదాన్నొకటి అదిలించుకుంటూ పోతాయి. పెళ్ళి కాకముందు నుంచీ ఆవిడ బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని వాటి కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూచునేది.

పెళ్ళయ్యాక మేస్త్రీ వెంట వెళ్ళేవాడు. వెళ్ళి ఏం చేసేవాడంటే, చెట్టు కింద తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాడు. "ఏమండీ, చూశారా!" అని ఆవిడ కుదిపితే, కళ్ళు తెరవకుండానే "ఆఁ, చూశాను, చాలా బాగుంది" అనేవాడు. ఆ జంతువు ఏదో, అది ఎటు పోయిందో ఆయనకి తెలిస్తే ఒట్టు.

కొన్నేళ్ళ కిందట టైలరమ్మ మేడమెట్ల మీంచి జారిపడింది. వెన్నులో దెబ్బ. ప్రాణానికి ఢోకా లేదన్నారు గానీ, కాళ్ళు మళ్ళీ మాట వినలేదు. చక్రాల కుర్చీ ఇంట్లోకి వచ్చింది. మేస్త్రి ఏడుస్తూ కూచునే రకం కాదు. గడపలన్నీ తీసేశాడు. కాలితో తొక్కే కుట్టుమిషనుకి మోటారు పెట్టి, మోచేతితో నొక్కే మీట అమర్చాడు. ఆ మీట ఎంత నున్నగా ఉందో నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆవిడ నెల తిరక్కుండా మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది, మొదటి చొక్కా ఆయనకే కుట్టింది.

అన్నీ సర్దుకున్నాయనే అనుకున్నాడాయన. ఒక ఆదివారం ఆవిడ బైనాక్యులర్‌ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, "ఇది ఎవరికైనా ఇచ్చేద్దామండీ. బూజు పట్టిపోతుంది" అంది.

"అదేంటి? నీది కదా!"

"నాదే. కానీ నేను చూడాల్సిన చోటుకి దారెక్కడుంది? కట్ట దాకా అయితే కుర్చీ పోతుంది. ఆ తర్వాతంతా బండరాళ్ళు."

ఆవిడ ఏడవలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. కూరలో ఉప్పు లేదన్నంత మామూలుగా అంది. అదే ఆయన్ని కోసేసింది. ఊళ్ళో అందరికీ మెట్లూ నిచ్చెనలూ కమ్మీలూ కట్టినవాడి ఇంట్లో, కట్టుకున్న మనిషికి దారి లేదా? ఆయనకి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు షాపు తెరవకుండా నేరుగా అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ రేంజరు ఒకావిడ, ముక్కుసూటి మనిషి. బల్ల మీద మ్యాపు, గోడకి బూట్ల అల్మరా, కిటికీలో ఎండుతున్న రెయిన్‌కోటు. మేస్త్రి నిలబడే చెప్పాడు. కట్ట దగ్గర్నుంచి బండల మీద ఇనుప నడకదారి, దాని కొసన నీళ్ళ పక్కగా ఒక మంచె. పొలంలో కాపలాకి కట్టుకునే మంచెలాంటిదే, కాకపోతే కుర్చీ సాఫీగా పోయేట్టు. షాపులో మిగిలిన ఇనుముతో తనే కడతాడు, ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు.

"తవ్వకూడదు, కాంక్రీటు పోయకూడదు. రేపు తీసెయ్యమంటే ఆనవాలు లేకుండా తీసెయ్యగలగాలి" అంది రేంజరమ్మ.

"బోల్టులతో బిగిస్తాను మేడమ్."

"అది కాదు అసలు సంగతి. ఆ పాయ మనుషులది కాదు, జంతువులది. మీ మంచె చూసి అవి రావడం మానేశాయనుకోండి, అది ఎంత బాగున్నా నాకొద్దు. వానలు మొదలయ్యేదాకా చూస్తాను. అప్పటికీ రాకపోతే మీ చేత్తోనే విప్పించేస్తాను. సరేనా?"

"నా పనికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు మేడమ్" అన్నాడు మేస్త్రి.

"దుప్పులు మీ కస్టమర్లు కాదు మేస్త్రిగారూ" అందావిడ.

ఆ మాట ఆయన చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు.

ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గి, బండలు బయటపడ్డ రోజులవి. బావా బామ్మర్దీ ముక్కల్ని షాపులోనే తయారుచేసి, పడవల బాబాయి దగ్గర పెద్ద పడవ అడిగి, అందులో వేసి పాయకి చేర్చేవారు. ఈ బాబాయి రేవు దగ్గర పడవలన్నిటికీ పెద్ద, ఆదివారం జనాన్ని వరసలో నిలబెట్టి అరిచే గొంతు ఆయనదే. నడకదారి వాలు సరిపోయిందో లేదో చూడ్డానికి మేస్త్రి స్వయంగా చక్రాల కుర్చీలో కూచుని, చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ఆయాసం వచ్చిన చోటల్లా వాలు తగ్గించాడు. "బావా, కుర్చీ నీకే బాగా కుదిరింది, అక్కయ్యకి ఇంకోటి కొందాం" అని బామ్మర్ది కడుపుబ్బ నవ్వాడు.

పూర్తయ్యాక చూడాలి దాని సోకు. కమ్మీలకి తళతళలాడే వెండిరంగు. అంచులకి పసుపుపచ్చ. పైకప్పు రేకు అద్దమే. కింద నీళ్ళ అంచుకి ఆనుకుని, మంచె కాళ్ళు బురదలో దిగబడకుండా ఒక వెడల్పాటి ఇనుపప్లేటు, అదీ నున్నగా, వెండిరంగులో. రేవులో ఉన్న బాబాయి అంత దూరం నుంచే దాన్ని చూసి, "మేస్త్రీ! కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి!" అని కేకేశాడు. మేస్త్రి దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

ఆ ఆదివారం టైలరమ్మ కుర్చీ బండల మీదుగా పోయింది, ఒక్క కుదుపు లేకుండా. ఎన్నేళ్ళ తర్వాతో ఆవిడ నీళ్ళ వాసన అంత దగ్గరగా పీల్చింది. కమ్మీ మీద వేలు పెట్టి చివరిదాకా రాసి, "అతుకు తగల్లేదండీ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రి గాల్లో తేలిపోయాడు. ఆవిడ బైనాక్యులర్ ఎత్తింది.

ఏమీ రాలేదు.

దుప్పులు కొండ వాలులో కనబడి, తలెత్తి ఇటు చూసి, తిరిగి వెళ్ళిపోయాయి. నీటికాకులు ఎండిన చెట్లు వదిలేసి ఎదర ఒడ్డుకి మకాం మార్చాయి. నీటికుక్కల ఊసే లేదు. కొత్త కదా, అలవాటు పడతాయి అనుకున్నారు. మరుసటి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. పైగా ఆ తళుకు చూసి తొక్కుడు పడవలవాళ్ళు "అదేంటో చూద్దాం రండి" అంటూ పాయలోకి తొక్కుకొచ్చి, మంచె ముందు ఫోటోలు దిగడం మొదలుపెట్టారు. టైలరమ్మ బైనాక్యులర్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే నీళ్ళ వైపు చూస్తూ కూచునేది. "పోనీలెండి, గాలి బాగుంది" అనేది. ఆ "పోనీలెండి" మేస్త్రికి మేకులా దిగేది.

రేంజరమ్మ ఒకసారి వచ్చి చూసింది. "ఆకాశం చూస్తున్నారుగా. మబ్బులు పడుతున్నాయి" అని మాత్రం అని వెళ్ళింది.

ఇంకొకరైతే దిగులుపడేవారు. మేస్త్రికి కోపం వచ్చింది, అదీ జంతువుల మీద. ఇంత బాగా కడితే రాకపోవడానికి ఏం మాయరోగం? ఇంతకన్నా ఎవడు కడతాడు? ఆయనకి తెలిసిన మందు ఒకటే. పని నచ్చలేదంటే ఇంకా మెరిపించాలి. రోజూ తెల్లారగానే మోపెడ్ మీద వెళ్ళి, సంచిలోంచి కిరోసిన్ గుడ్డ తీసి, మంచె అంతా కింది నుంచి పైదాకా రుద్ది, ఆ తర్వాతే షాపు తెరిచేవాడు.

ఒక పొద్దున ఆయన మొహం మాడ్చుకుని వచ్చి వంటింట్లో కూచున్నాడు. టైలరమ్మ బల్ల దగ్గర బీన్సు తుంచుతోంది. తమ్ముడు టీ తాగుతున్నాడు.

"ఎవరి పిల్లో ఏమో గానీ, దొరికితే దాని పని చెప్తాను" అన్నాడు మేస్త్రి.

"ఏ పిల్లండీ?"

"నా మంచె కిందకి వచ్చే పిల్లి. నీళ్ళ పక్క ప్లేటు లేదూ, రోజూ దాని మీదే కానిచ్చి పోతోంది. రాత్రి వచ్చి పాడుచేస్తుంది, పొద్దున నేను కడుగుతాను. మళ్ళీ అక్కడే, సరిగ్గా అదే చోట! పక్కన అంత పెద్ద బండ ఉంది, దాని మీద ఏడవచ్చుగా!"

టైలరమ్మ చేతిలో బీన్సు ఆగింది. "ఎలా ఉంటుంది?"

"తినే చోట అడిగే మాటేనా అది?"

"చెప్పండి. ఎలా ఉంటుంది?"

"నల్లగా, జిగటగా. నిండా చేపపొలుసులు, పీతల డిప్పలు. వాసనా అదో రకం, చేపలబుట్టలా."

ఆవిడ చేతిలో బీన్సు కింద పెట్టేసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ పళ్ళెం పక్కకి తోసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. తమ్ముడికి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వేశాడు.

"అది పిల్లి కాదండీ" అంది చివరికి. "నీటికుక్క. వాటి అలవాటే అది. నచ్చిన చోటు దొరికితే అన్నీ అక్కడే కానిస్తాయి. అది వాటి గుర్తు, ఈ చోటు మాది అని. మర్నాడొచ్చి వాసన చూసుకుంటాయి. వాసన ఉంటే ఉంటాయి. మీరేమో రోజూ..." అంటూ ఆగిపోయింది. ఈసారి నవ్వు లేదు. "అవి రోజూ మన గుమ్మం దాకా వస్తున్నాయండీ. మీరు రోజూ కిరోసిన్ పెట్టి కడిగి తరిమేస్తున్నారు."

ఆ చేతులతో మేస్త్రి జీవితమంతా తప్పు చేసి ఎరగడు. ఇప్పుడు ఆ చేతుల్నే చూసుకుంటూ కూచున్నాడు.

"మరి మిగతావి?" అన్నాడు కాసేపటికి. "దుప్పులూ, ఆ నల్లపిట్టలూ? అవెందుకు రావు?"

టైలరమ్మ ముందుగది గోడ వైపు చెయ్యి చూపించింది. "గోధుమరంగు గుడ్డకి తెల్లదారం వేస్తానా నేను? వేస్తే కుట్టు ఎంత బాగున్నా కుట్టే కనబడుతుంది, చొక్కా కనబడదు. మీ పనిలో అతుకు కనబడదు, నిజమే. మంచె మాత్రం కొండంతా కనబడుతోంది. దాన్ని కొండరంగు చెయ్యండి."

"కొండరంగంటే?"

"మీ షాపులోనే ఉందిగా బావా" అన్నాడు బామ్మర్ది, టీ గ్లాసు దించి. "ప్రైమరు."

మేస్త్రి బామ్మర్దిని చూసిన చూపు ఇంకొకడైతే తట్టుకునేవాడు కాదు.

ముందు రేంజరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పమని టైలరమ్మ పట్టుబట్టింది. చెప్పాడు. "నీళ్ళ పక్కన కిరోసినా!" అని ఆవిడ ఇంతెత్తున లేచింది. చెడామడా తిట్టింది. ఆయన తల వంచుకుని మొత్తం విన్నాడు. తిట్టడం అయ్యాక ఆవిడే ఓసారి ఆగి, "ఆ ప్లేటు మీద నిజంగా పొలుసులున్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాడు. "సరే, వానల దాకా అన్నాను కదా, ఆ మాట మీదే ఉంటాను. ఒక్క రోజు కూడా ఎక్కువ ఇవ్వను" అంది. అయితే తొక్కుడు పడవలు పాయలోకి రాకుండా తాడు కట్టించమని బాబాయికి కబురు పంపింది.

తర్వాత జరిగింది చూసినవాడు బామ్మర్ది ఒక్కడే, ఇప్పటికీ కథలు కథలుగా చెప్తాడు. మిషను చప్పుడు కాకూడదని మేస్త్రి ఎమరీ పేపరు చేత పట్టుకుని, తన వెండిరంగుని తనే గీకాడు. రాలిన పొడి నీళ్ళలో పడకుండా కింద పాత పరదా పరిచాడు. ఒక్కో కమ్మీ గీకుతుంటే పళ్ళు పటపట కొరికాడు. అద్దంలాంటి పైకప్పు మీద ఒడ్డున ఉన్న ఎర్రమట్టి కలిపి మెత్తాడు. మిగతాదంతా ఉత్త ప్రైమరు. ఆరాక దాని మీద ఎండుటాకుల పొడి చల్లాడు. నీళ్ళ పక్క ప్లేటుని మాత్రం ముట్టుకోలేదు. అంతా అయ్యాక దూరంగా జరిగి చూస్తే, మంచె ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. "అమ్మయ్య, బనీను బాగానే కుదిరింది" అన్నాడు బామ్మర్ది. మేస్త్రి పొడి పడ్డ పరదాని మూట కట్టాడు.

ఆ తర్వాతి రోజులు ఆయనకి నరకం. పొద్దున లేచి వెళ్ళేవాడు, తుడవకూడదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దూరం నుంచి చూసి వచ్చేవాడు. కమ్మీ మీద సాలీడు గూడు పెట్టింది. ఒక బోల్టు దగ్గర తుప్పు చార దిగింది. ప్లేటు మీద పొలుసుల కుప్ప రోజురోజుకీ పెరిగింది. అది చూసి ఇంటికొచ్చి, "ఇవాళ రెండు కుప్పలు" అని చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతులో అసహ్యం పోయి, ఏదో ఆశ వచ్చి చేరడం ఆవిడ గమనించింది.

నైరుతి మూల నల్లబడ్డ ఒక మధ్యాహ్నం రేంజరమ్మే ఇంటికొచ్చింది. "రేపో ఎల్లుండో వాన పడుతుంది. ఇవాళ సాయంత్రం చూసేద్దాం" అంది. ముగ్గురూ మంచె మీదకి చేరారు. మధ్యలో కుర్చీలో టైలరమ్మ, ఓ పక్క రేంజరమ్మ, ఇంకో పక్క ముక్కాలిపీట మీద మేస్త్రి. తను నిద్రపోకూడదని ఆయన తువ్వాలు కూడా తెచ్చుకోలేదు.

గాలి ఆగింది. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. చాలాసేపు ఏమీ లేదు. రేంజరమ్మ ఓసారి ఆకాశం చూసింది, ఓసారి గడియారం చూసింది. మేస్త్రి చూపు బోల్టుల మీదకి పోయింది. ఇది విప్పడం కష్టం కాదు, బోల్టులు పావుగంటలో వస్తాయి. ఈ మనిషిని మళ్ళీ కట్ట మీదే ఆపెయ్యడం ఆయన వల్ల కాదు.

ముందు ఒక నీటికాకి వచ్చింది. తిన్నగా కమ్మీ మీద, మేస్త్రి మొహానికి బారెడు దూరంలో వాలి, రెక్కలు చాపి, తోక ఎత్తి, కమ్మీ పొడుగునా తెల్లగా చార దింపింది. మేస్త్రి కుడిచెయ్యి దానంతటదే లేచింది. టైలరమ్మ ఆ మణికట్టుని టక్కున పట్టేసుకుంది, అటు చూడకుండానే. ఇక వదల్లేదు.

ఆ తర్వాత నీళ్ళలో ఒక గీత. గీత వెనక ఇంకోటి, ఇంకోటి. మీసాల తలలు పైకి లేచాయి. కిచకిచమంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, కుటుంబం కుటుంబమంతా ప్లేటు మీదకి ఎక్కింది. పిల్లలు తడి ఒళ్ళు విదిలించి, మంచె కాలికి వీపు ఆనించి రుద్దుకున్నాయి. ఒకటి చేపని రెండు చేతులా పట్టుకుని కరకర నమిలింది. తల్లి మాత్రం ప్లేటంతా వాసన చూస్తూ తిరిగింది. పాత కుప్ప దగ్గర ఆగింది. ఇంకోసారి వాసన చూసింది. తోక పైకెత్తి, కుదురుగా, తొందర లేకుండా, మేస్త్రి కళ్ళెదురుగా కానిచ్చింది.

మేస్త్రి ముందుకి వంగి చూశాడు. ఇన్నేళ్ళు ఈ మనిషి పక్కనే పడుకుని తను పోగొట్టుకున్నది ఇదా అనుకున్నాడు. ఆ చిన్నచిన్న చేతులు, ఆ తడి మీసాలు, ఎవరికీ భయపడని ఆ తల్లి. పక్కకి తిరిగితే టైలరమ్మ కళ్ళకి బైనాక్యులర్ లేదు. అంత దగ్గరున్నవాటికి అది అక్కర్లేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఒకటి ఆయన మణికట్టు మీద ఉంది, ఇంకోటి నోటి మీద ఉంది. ఆయన ఛాతీ నిండిపోయింది. ఆస్పత్రి కమ్మీలకీ బడి గేటుకీ ఇంత గర్వం ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

అవి తిని, ఆడి, వచ్చిన దారినే నీళ్ళలోకి జారిపోయాయి. మొదటి చినుకు పైకప్పు మీద పడింది.

"తీసెయ్యాలా మేడమ్?" అన్నాడు మేస్త్రి.

"తీశారంటే మీ మీద కేసు పెడతాను" అంది రేంజరమ్మ. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. "తుడిచినా పెడతాను."

కుర్చీ తోసుకుంటూ రేవు దగ్గరికి వచ్చేసరికి వాన ఊపందుకుంది. తొక్కుడు పడవల కోసం వచ్చిన జనం రేకు షెడ్డు కింద ఇరుక్కుని నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య నుంచి పడవల బాబాయి తల బయటపెట్టి, "ఏం మేస్త్రీ, ఏమన్నా వచ్చాయా, విప్పడమేనా?" అని అరిచాడు.

నలుగురిలో గొంతెత్తి ఎరగని మేస్త్రి, గొడుగు లేకుండా, ఆ వానలో, అందరి ముందూ నిలబడిపోయాడు. "వచ్చాయి బాబాయ్! ఇంటిల్లిపాదీ వచ్చాయి! ఆ తల్లి ఉంది చూడు, నా ప్లేటు మీద కానిచ్చింది బాబాయ్! పక్కన అంత పెద్ద బండ ఉంది. దాని మీద కాదు. నా ప్లేటు మీద!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తడిసిన కుర్చీలో టైలరమ్మ విరగబడి నవ్వుతోంది. షెడ్డు కిందకి పదండి, తడిసిపోతున్నారు అని ఎవరో అన్నారు. మేస్త్రికి వినబడలేదు. దగ్గర్లో నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి భుజం పట్టుకుని, "ఆ బండ మీద కాదండీ" అని మళ్ళీ మొదలుపెట్టాడు.